ఊపిరి కాగితం

మా సుగాలి తండాలో అమ్మను యాడి అంటాం. మా యాడికి అరవై దాటింది. టమాటా తోటల్లో కూలి చేసి మా అన్నదమ్ములిద్దరినీ చదివించింది. బీడీ ఏనాడూ ముట్టించలేదు. ముట్టించింది కట్టెల పొయ్యినే. కిటికీ లేని గుడిసెలో నలభై ఏళ్లు ఆ పొగ పీల్చింది.

తమ్ముడు కుప్పంలో ఉన్నప్పుడు అక్కడ ఆమెకు ఊపిరి పరీక్ష చేయించాం. ఒక గొట్టంలోకి బలంగా ఊదమన్నారు. మందు పీల్చాక, పావుగంట ఆగి మళ్లీ ఊదమన్నారు. గట్టిగా ఊదితే మొత్తం గాలిలో 70 శాతమైనా మొదటి సెకనులోనే బయటికి రావాలట. యాడికి రాలేదు. ఇది సీఓపీడీ అనీ, పొగ తాగని ఆడవాళ్లకు కూడా పొయ్యి పొగతో వస్తుందనీ, పూర్తిగా పోదు కాబట్టి రోజూ మందు పీల్చాలనీ చెప్పారు. మందు వాడాక యాడికి రాత్రిళ్లు నిద్ర పట్టింది.

మరుసటి ఏడు జ్వరమొస్తే పుంగనూరులో ఒక డాక్టరుకు చూపించాం. ఆయన మా కాగితం తెరవలేదు.

"బీడీలు తాగుతావా?"

"అదెట్లుంటాదో కూడా తెలీదు సారూ."

"బీడీ తాగకుండా ఆ జబ్బు రాదు. మీ తండాల్లో ఉండేది టీబీనే. ఆ మందు ఆపేయండి."

బడిలో నలభై మంది పిల్లల ముందు గొంతెత్తి మాట్లాడే మేము అక్కడ నోరు తెరవలేదు. సరే సార్ అని వచ్చేశాం. మందు ఆపాం. ఆరు రాత్రులు యాడి గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చింది. టీబీ అన్న మాట పాకి, ఇరుగుపొరుగు ఆమె చెంబు ముట్టడం మానేశారు.

ఏడో రోజు మదనపల్లెలో ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ కఫం పరీక్షకు డబ్బు కట్టే పని లేదు. టీబీ లేదని తేలింది. డాక్టరమ్మ కుప్పం కాగితం రెండుసార్లు చదివి, పాత మందే మళ్లీ రాశారు.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి 1915లోనే మొదలైంది. ఈ సీమలో దగ్గు అంటే టీబీ గుర్తుకు రావడం సహజమే. అనుమానించడం ఆ డాక్టరు తప్పు కాదు. కఫం చూడకుండా, కాగితం చదవకుండా, తండా పేరు విని తేల్చేయడం తప్పు. అడగకపోవడం మా తప్పు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, కాగితాలన్నీ ఒకే సంచిలో పెట్టుకోండి. 2002 నాటి వైద్య మండలి నియమాల ప్రకారం, రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. "ఏ పరీక్షతో తేలుతుంది సార్? అది తేలేదాకా పాత మందు ఎందుకు ఆపాలి?" అని మర్యాదగానే అడగండి. తోటి ఉపాధ్యాయులకూ ఒక మాట. పరీక్షించకుండానే, ఫలానా తండా పిల్లోడికి చదువు రాదని మనమూ తేల్చేస్తుంటాం.

ఇంట్లో గ్యాసు ఉంది గానీ, సిలిండరు అయిపోతే మళ్లీ కట్టెలే. అందుకే పొయ్యిని చెట్టు కిందికి మార్చాం. మందు డబ్బా యాడి దిండు కింద ఉంటుంది. కుప్పం కాగితం మా బడి సంచిలో ఉంటుంది.