640 కేబీ రోజులు

జూన్ 9, చికిటి
బరంపురంలో డీటీపీ షాపు ఎత్తేసినప్పుడు మా బావ ఇచ్చిన 386 కంప్యూటర్ పెట్టెని ఇన్నాళ్లకి అటక మీంచి దింపాం. 2 ఎంబీ మెమరీ, 40 ఎంబీ హార్డ్ డిస్క్. లోపలి బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, తారీఖు 1980 జనవరి 1 అంటోంది. డిస్కు కొలతలు చేత్తో ఎక్కించాక డాస్ లేచింది, దాని మీద విండోస్ 3.0.

"రెండు ఎంబీయేనా మావయ్యా? నా ఫోన్లో ఒక్క ఫొటో కూడా పట్టదు కదా!" అన్నాడు మేనల్లుడు. పట్టదు మరి.

జూన్ 10
నోట్‌ప్యాడ్ మీదకి గడియారం విండోని లాగి, మళ్లీ పక్కకి జరిపాను. అది కప్పిన చోట ఒక్క క్షణం తెల్లటి మచ్చ. తర్వాత ఒక్కో వరుసే పైనుంచి నిండుతూ వచ్చింది. కొత్త కంప్యూటర్లో ఇది కంటికి ఆనదు.

అలా మరుగున పడ్డ భాగాన్ని విండోస్ ఎక్కడా దాచిపెట్టదు. దాచాలంటే 640×480 తెర, 16 రంగులకి, 150 కేబీ కావాలి. అంత ఎక్కడుంది? అందుకని నోట్‌ప్యాడ్‌కే కబురు పెడుతుంది: ఫలానా చోట పాడైంది, నువ్వే మళ్లీ గీసుకో అని. ప్రతి ప్రోగ్రామూ తన మొహాన్ని ఎప్పుడడిగినా మొదటినుంచీ గీయడానికి సిద్ధంగా ఉండాల్సిందే. 1985 నవంబరులో వచ్చిన మొదటి విండోస్‌లో ఈ బెడద తక్కువ. విండోలు ఒకదాని మీద ఒకటి ఎక్కేవి కావు, పక్కపక్కనే సర్దుకునేవి. దానికి 256 కేబీ, రెండు ఫ్లాపీ డ్రైవులు ఉంటే చాలన్నారు. చాలింది, ఓపిక ఉన్నవాళ్లకి.

జూన్ 11
ఉక్క. మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు. కాగితం మీద లెక్క: తొలి పీసీల్లోని 8088 చిప్పు చేరగలిగింది 1 ఎంబీ వరకే. పైనున్న 384 కేబీ వీడియో కార్డుకీ, బయాస్‌కీ పోగా మిగిలింది 640. అందులోనే డాస్, విండోస్, ప్రోగ్రాములు, మన ఫైలు.

జూన్ 13
ప్రోగ్రాము 4 కేబీ చోటు అడిగితే విండోస్ చిరునామా చెప్పదు, ఒక నంబరిస్తుంది. హ్యాండిల్ అంటారు. గుడి దగ్గర చెప్పుల స్టాండులో టోకెను లాంటిదే. మనం లోపల దర్శనంలో ఉండగా వాడు ఏ అరలోకి మార్చినా మనకేం? టోకెను చూపిస్తే మన చెప్పులే వస్తాయి.

ముట్టుకోవాల్సి వచ్చినప్పుడే ప్రోగ్రాము దాన్ని లాక్ చేసి అసలు చిరునామా తెలుసుకుంటుంది, పనవగానే వదిలేస్తుంది. లాక్‌లో లేని ముక్కల్ని విండోస్ అటూ ఇటూ జరిపి, మధ్య ఖాళీల్ని ఒక్కచోటికి చేరుస్తుంది. అప్పటికీ చాలకపోతే కోడ్ ముక్కల్ని పారేస్తుంది, చాన్నాళ్లుగా ఎవరూ పిలవనివి ముందు. కోడ్ మారేది కాదు, డిస్కులో ఎలాగూ ఉంది, కావాలంటే మళ్లీ తెచ్చుకోవచ్చు. ఫ్లాపీ రోజుల్లో మెనూ తెరిస్తే డ్రైవు లైటు వెలగడం అందుకే.

1984 మెకింటోష్‌లోనూ హ్యాండిళ్లే. అక్కడున్నది 128 కేబీ. 512×342 తెరకే 21 కేబీకి పైగా పోయేది.

జూన్ 14
నిన్నటి దాంట్లో ఓ చిక్కుంది. ఒక ఫంక్షను ఇంకోదాన్ని పిలిచి, అది తిరిగొచ్చేలోగా పిలిచినదాని కోడ్ జరిగిపోతే? తిరిగి రావాల్సిన చిరునామా స్టాక్‌లో, అంటే పిలుపుల చిట్టాలో, పాతదే ఉంటుంది కదా.

విండోస్ స్టాకంతా వెతికి ఆ చిరునామాలు దిద్దుతుంది. కోడ్‌ని పారేసి ఉంటే, దాన్ని వెనక్కి తెచ్చే చిన్న కోడ్ ముక్క చిరునామా అక్కడ పెడుతుంది. మరి వేరే సెగ్మెంటు (కోడ్ ముక్క) నుంచి వచ్చిన పిలుపేదో ఎలా పోల్చుకుంటుంది? అలాంటి ఫంక్షన్లు మొదట్లోనే, స్టాక్‌లో చోటు గుర్తుంచుకునే బీపీ రిజిస్టరుకి ఒకటి కలిపి స్టాక్ మీద పెడతాయి. స్టాక్ చిరునామాలన్నీ సరి సంఖ్యలు, బేసి కనిపించిందంటే దూరపు పిలుపే. ఈ గుర్తు కోసం స్టాక్‌లో అదనంగా ఒక్క బైటు కూడా ఖర్చు కాలేదు! ఇంత పిసినారితనాన్ని నేను మెచ్చుకుంటాను. మేనల్లుడికి చెబితే ఆవలించాడు.

జూన్ 17
1986లో జియోస్ అని, విండోస్ లాంటిదే. కమోడోర్ 64 మీద, మొత్తం 64 కేబీలో, మౌసు, మెనూలు, అక్షరాల సైజులతో సహా. తెర బొమ్మకి 8,000 బైట్లే.

జూన్ 20
మేనల్లుడు వరసగా విండోలు తెరుస్తూ పోయాడు. ఇంకా అర ఎంబీ ఖాళీ చూపిస్తూనే మెమరీ లేదంది. వాడికి చిర్రెత్తింది. విండోస్ దగ్గర విండోల, మెనూల వివరాలు రాసుకునే పద్దు వేరు, కలాలూ కుంచెలూ ఫాంట్లూ రాసుకునే పద్దు వేరు. ఒక్కోదానికి 64 కేబీ, అంతే. అది నిండితే ఎంత ర్యామ్ కొని గుచ్చినా అదే మాట. అప్పట్లో జనం ర్యామ్ కొనుక్కుని తిట్టుకున్నది ఈ పద్దుల వల్లే.

జూన్ 22
బావ బరంపురం నుంచి వచ్చాడు. తెలుగు శుభలేఖల సంగతి ఎత్తాను. డాస్‌లో తెలుగు కనబడటానికి ఒక దారి, ప్రభుత్వ సంస్థ సి-డాక్ వారి జిస్ట్ కార్డు గుచ్చడం. 1992లో విండోస్ 3.1తో ట్రూటైప్ వచ్చాక ఫాంటుతోనే పని నడిచింది. కానీ ఫాంటులో గళ్లు 256 మాత్రమే. గుణింతాలన్నీ పట్టవు. తలకట్టు ఒక గడిలో, వత్తు ఇంకో గడిలో, ముక్కలు అతికించి అక్షరం. 'శ్రీరస్తు' కొట్టడానికి ఎన్ని మీటలు నొక్కేవాడో బావ గాల్లో వేళ్లాడించి చూపించాడు.

జూన్ 25
3.1లో రియల్ మోడ్, అంటే 8088లా నడిచే పాత పద్ధతి, తీసేశారు. 286 నుంచి టోకెను పట్టికని చిప్పే చూసుకుంటుంది, సెగ్మెంటు ఎక్కడికి జరిగినా స్టాక్ దిద్దక్కర్లేదు. బేసి సంఖ్య కిటుకు అక్కడితో ఆగింది. ఈ పెట్టెలో 3.0 ఉంది కాబట్టి, రియల్ మోడ్‌లో తెరిస్తే ఇంకా నడుస్తుంది. డిస్కు చప్పుడు మాత్రం నిన్నటికీ ఇవాళ్టికీ మారింది. రేపు ఫ్లాపీల్లోకి కాపీ తీయాలి.