ఆరోగ్య పాఠానికి అడ్డొచ్చే మాటలు

బడిపిల్లలకు ఆరోగ్యం నేర్పడమంటే తిండి, ఆట, నిద్ర, శుభ్రత అలవాటు చేయడమే కాదు, తన ఒంటిని చూసుకుని పిల్ల సిగ్గుపడకుండా చూడడం కూడా. మొదటిదానికి కృష్ణా జిల్లా చల్లపల్లిలో మంచి పునాది ఉంది. డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ టి. పద్మావతి దంపతుల చొరవతో 2014 నవంబర్‌లో స్వచ్ఛ చల్లపల్లి ఉద్యమం మొదలైంది. కార్యకర్తలు తెల్లవారకముందే చీపుళ్లు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు, రోడ్ల వెంట మొక్కలు పెంచారు. పెద్దలు చెత్త ఎత్తడం చూస్తూ పెరిగిన పిల్లలకు శుభ్రత గురించి విడిగా చెప్పాల్సింది తక్కువే.

తిండి విషయంలో సర్కారు బడి కొంత భారం మోస్తోంది. మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉంది. 2020లో మార్చిన మెనూలో వేరుశనగ చిక్కీ చేరింది, 2023 మార్చి నుంచి వారానికి మూడు రోజులు రాగిజావ. మూడు పూటలా వరన్నమే తినే డెల్టా పిల్లలకు రాగుల్లోని కాల్షియం ఎంతో అవసరం.

లోటల్లా రెండోదాంట్లో, పిల్ల తన ఒంటికి సిగ్గుపడకుండా చూడడంలోనే. "ఏంటే, అట్టా లావయ్యావ్?", "మరీ బక్కచిక్కిపోయాడేంటమ్మా!", "ఎండలో తిరిగి నల్లబడ్డావ్." ఊళ్లోని పిల్లలకే కాదు, సెలవులకు విదేశాల నుంచి వచ్చిన పిల్లలకూ గడపలోనే ఎదురయ్యే పలకరింపులివి. వీడియో కాల్‌లోనూ ఇవే. అన్నవాళ్లది ప్రేమే, కానీ పదకొండేళ్ల పిల్లకు అది తీర్పులా వినిపిస్తుంది. ఆ వయసులో ఆడపిల్లలకు ఒంట్లో కొవ్వు పెరగడం ఎదుగుదలలో భాగం. మగపిల్లల్లో ఎదుగుదల ఊపు సుమారు రెండేళ్లు ఆలస్యం. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరిని పోల్చడంలో అర్థమే లేదు.

అలాగని తూకం వేయడం మానక్కర్లేదు. ఎంతోమంది తెలుగు కుటుంబాలున్న ఇంగ్లండ్‌లో 2005-06 విద్యాసంవత్సరం నుంచి ప్రాథమిక బడిలో చేరిన ఏడు, వదిలే ఏడు పిల్లల ఎత్తు, బరువు కొలుస్తున్నారు. ఆ అంకెలు తరగతిలో చదవరు. మన బళ్లలోనూ పద్ధతి అదే కావాలి. చాటున కొలవాలి, పక్కవాడితో కాక ఆ పిల్లవాడి పాత కొలతతోనే పోల్చాలి. రాగిజావ తాగితే ఎముక గట్టిపడుతుందని చెప్పాలి తప్ప సన్నబడతావని ఆశ పెట్టకూడదు. ఖోఖోలో బొద్దుగా ఉన్న పిల్లను స్కోరు రాయమని పక్కన కూర్చోబెట్టకుండా బరిలోకి దించాలి. బరువు తగ్గాలని ఎవరైనా భోజనం మానేస్తుంటే తల్లిదండ్రులతో విడిగా మాట్లాడి డాక్టరుకు చూపించమనాలి.