హాల్టు ప్రక్క కొబ్బరితోట

కాకినాడనుండి కోటిపల్లికి బోవు రైలుమార్గము 1928లో నిర్మింపబడి, రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1940లో, పెఱికివేయబడినది. పట్టాలు యుద్ధావసరములకు బోయినవి, కట్ట మిగిలినది. ఆ కట్టపై మావంటివారి పశువులు మేసినవి, మావంటివారి పెద్దలు కొబ్బరిమొక్కలు నాటిరి. ఇది చెప్పుకొనదగిన గొప్ప కాదు. మా తాతగారును నాటినవారే. మరల 2004లో రైలు వచ్చినప్పుడు కట్టమీది చెట్లు పోయినవి. కట్ట నానుకొనియున్న మా సొంతతోట నిలిచినది. దానికి నూఱడుగుల దూరముననే మా యూరి హాల్టు.

హాల్టనగా చదువరులు పెద్ద కట్టడము నూహింపవలదు. పొట్టి వేదిక, పేరుపలక, టిక్కెట్టులిచ్చు చిన్న గది. టిక్కెట్లమ్మువాడు జీతగాడు కాడు. అమ్మినదానిపై కమీషను పొందువాడు. ఒకే పెట్టెగల రైలుబస్సు వచ్చి నిలిచెడిది. అందు కూరగాయల గంపలవారు, కాకినాడ పెద్దాసుపత్రికి బోవు రోగులు, దావాలున్న రైతులు, ద్రాక్షారామ భీమేశ్వరుని దర్శించి కోటిపల్లిలో గోదావరి స్నానమునకు బోవు ముసలివారు, అందఱును మోకాలికి మోకాలు తగులునట్లు కూర్చుండెడివారు. గంపలు మోయువారిని తమ యరుగెక్కనీయని గృహస్థులు పెట్టెలో వారి ప్రక్కనే యొదిగి కూర్చుండుట మేము కన్నులార జూచితిమి. ఇంటికి బోయి తలస్నానము చేసినవారును గలరు. అది వేఱు మాట.

మా మేనత్తగారు పట్టాలు పెఱికిననాటికి ఎనిమిదేండ్ల బాలిక. రైలు తిరిగివచ్చిన పిదప కంటివైద్యమునకై మాతో కాకినాడ కనేకసారులు వచ్చిరి. 2006 వేసవిలో నొకనాడు వేదికమీదనే సొమ్మసిల్లిరి. నీరు చల్లి లేపి, ఏమైనదని యడుగగా మాటాడలేదు. ప్రక్కనున్న కూరగాయల యామె చెప్పినది:

"పెద్దమ్మగారు నిన్న సాయంకాలం నుంచి మంచినీళ్ళు ముట్టుకోలేదండి. రైలెక్కే రోజుకి మేవందరం అంతేనండి బాబూ. మగోళ్ళకైతే తుమ్మచెట్టు చాటుంది."

అప్పటికి రెండేండ్లుగా ఆ వేదికపై నిలుచుండి మేము పత్రికలు చదువుచుంటిమి. రైలాలస్యమగుచున్నదని రెండర్జీలు వ్రాసితిమి. స్త్రీవిద్యనుగూర్చి సభలలో నుపన్యసించితిమి. ఈ సంగతి మాత్రము మాకెన్నడును తోచలేదు. తోచలేదనుట సగము సత్యము; ఆ తుమ్మచెట్టు చాటునకు మేమును బోయినవారమే కదా!

తోటమూలను మరుగుదొడ్డి కట్టింతమని మేమనగా మా తమ్ములొప్పలేదు. నీటికొఱత యనిరి, ఖర్చనిరి, తుదకసలు మాట బయటపడినది: "అన్ని కులాలవాళ్ళూ మన తోటలోకి వస్తారు గదా అన్నయ్యా!" మేము గట్టిగా బదులు చెప్పవలసినది, చెప్పలేకపోతిమి. ఉమ్మడి యాస్తియను సాకు మాకును ననుకూలముగనే యుండెను. ఎనిమిది నెలలు గడచినవి.

సంక్రాంతికందఱును చేరినపుడు మేనత్తగారే మాట యెత్తిరి.

"ఒరే, ఆ కట్ట మీద మా నాన్న చెట్లు వేసినప్పుడు ఇది ఎవరి స్థలమని మీలో ఒక్కరైనా అడిగారా? ఊరందరి స్థలంలో కాయలు ఇన్నేళ్ళు తిన్నాం. రెండు చెట్లు కొట్టించండి, చాలు."

తమ్ములు తలవంచుకొనిరి. మేమును వంచుకొంటిమి.

రెండు చెట్లు కొట్టించితిమి. రెండు గుంతల దొడ్డికి గోడలు లేచినవి. వేదికవైపు కంచె తొలగించి దారి వదలితిమి. తలుపు బిగించునాడు వడ్రంగి లోపలికొక గడియయు, బయట తాళము వేయుటకొక గొళ్ళెమును దెచ్చెను. అత్తగారు గొళ్ళెమును చేతిలోనికి దీసికొని, "లోపల గడియ ఒక్కటే పెట్టు నాయనా, బయట తాళంతో దీనికి పనిలేదు" అని, దానిని కొంగున ముడివేసికొని యింటికి బోయిరి.