బుడమేరు అడుగు మట్టి

మైలవరం పరిసరాల కొండల్లో పుట్టిన వానాకాలపు వాగులు ఒకటొకటిగా కలిసి బుడమేరు అవుతాయి. ఏడాదిలో చాలా నెలలు సన్నని ధారగా, అక్కడక్కడ గుర్రపుడెక్క పరుచుకున్న మడుగులుగా మాత్రమే కనిపించే ఈ ఏరు, వాయుగుండం పట్టి రెండు రోజులు ఎడతెగని వాన కురిస్తే కట్టలు తెంచుకుపోయే వరదగా మారుతుంది కనుకనే దానికి బెజవాడ దుఃఖదాయిని అనే పేరు స్థిరపడింది. వెలగలేరు దగ్గర దీని దారి రెండుగా చీలుతుంది. అక్కడి రెగ్యులేటర్ నుంచి మళ్లింపు కాలువ వరద నీటిని ఇబ్రహీంపట్నం వైపు తీసుకుపోయి కృష్ణానదిలో కలుపుతుంది. పాత పాయ విజయవాడ ఉత్తర శివార్లను ఒరుసుకుంటూ కొల్లేరు సరస్సుకు పోతుంది. ఈ రెండు దారుల వెంట పారిశ్రామిక వాడ, బొగ్గు బూడిద, నగరపు మురుగు, పురుగుమందులు చల్లిన పొలాలు, చేపల చెరువులు వరుసగా ఎదురవుతాయి. కాలుష్య కారకాల వల్ల మనిషి ఆరోగ్యానికి కలిగే ముప్పును అంచనా వేసే శాస్త్రం ఎంతవరకు నడవగలదో, ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోవడానికి ఈ ఏరు వెంట సాగడం కంటే మంచి మార్గం కృష్ణా డెల్టాలో లేదు.

ఆ శాస్త్రానికి మూడు విషయాలు తెలియాలి: విషం ఎక్కడ పుట్టింది, ఏ దారిన ప్రయాణించింది, చివరికి ఎవరి ఒంట్లో ఎంత చేరింది. ఒక పదార్థానికి హాని చేసే గుణం ఉండటం వేరు, ఆ పదార్థం ఫలానా ఊరి మనుషులకు ముప్పు తెచ్చిందని చెప్పడం వేరు. మొదటిదాన్ని ప్రయోగశాలలో తేల్చవచ్చు. రెండోదానికి గాలిలో, తాగునీటిలో, తిండిలో, రక్తంలో ఏళ్ల తరబడి సేకరించిన కొలతలు కావాలి. బుడమేరు పరీవాహకంలో మొదటి రకం జ్ఞానానికి కొరత లేదు, కొరతంతా రెండోదానికే.

వెలగలేరుకు దిగువన కొండపల్లి కనిపిస్తుంది. తెల్ల పొణికి కర్రతో చేసే బొమ్మలకు పేరుపడిన ఈ ఊళ్లో ఒకప్పుడు ఆకులు, బెరళ్లు, గింజల నుంచి తీసిన రంగులు వాడేవారు. తరువాత ఎనామిల్ రంగులు వచ్చాయి. ఇప్పుడు మళ్లీ సహజ రంగుల వైపు మళ్లిన కళాకారులున్నారు. ఈ మార్పును అందానికి సంబంధించినదిగా మాత్రమే చూడటం సరికాదు. రంగు నిగనిగలాడటానికి, త్వరగా ఆరడానికి తయారీదారులు ఎన్నో దశాబ్దాలు సీసపు సమ్మేళనాలు కలిపేవారు. బొమ్మను నోట్లో పెట్టుకునే పసిపిల్ల శరీరం, మింగిన సీసంలో పెద్దవాళ్ల కంటే చాలా ఎక్కువ వంతు పీల్చుకుంటుంది. సీసం కాల్షియంలా నటిస్తూ ఎముకల్లోకి, ఎదుగుతున్న మెదడులోకి చొరబడుతుంది. పిల్లల రక్తంలో ఇంతవరకు ఉంటే ఫరవాలేదని చెప్పగల సీసపు మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నిబంధన భారతదేశంలో 2017 నవంబరు నుంచి అమలవుతోంది.

మళ్లింపు కాలువ ఇబ్రహీంపట్నం చేరేసరికి ఎత్తైన పొగగొట్టాలు ఆకాశాన్ని ఆక్రమిస్తాయి. డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రంలో తొలి యూనిట్ 1979లో మొదలైంది. క్రమంగా 210 మెగావాట్ల యూనిట్లు ఆరు, ఆపైన 500 మెగావాట్లది ఒకటి, ఇటీవల 800 మెగావాట్లది మరొకటి చేరాయి. సింగరేణి నుంచి, ఒడిశాలోని తాల్చేరు నుంచి వచ్చే బొగ్గు ఇక్కడ మండుతుంది. భారతీయ బొగ్గులో నూటికి 30 నుంచి 45 పాళ్లు బూడిదే కనుక మూడు లారీల బొగ్గు కాలితే ఇంచుమించు ఒక లారీ బూడిద మిగులుతుంది. దానిలో బరువైన ముక్కలు కొలిమి అడుగున పడతాయి. తేలికైన ఎగిరే బూడిదను పొగగొట్టం చేరకముందే విద్యుదావేశంతో పట్టి ఆపే యంత్రాలున్నాయి. నీటితో కలిపి పంపిన బూడిద చెరువుల్లో పేరుకుంటుంది.

ఈ బూడిద గురించి శాస్త్రం కనుక్కున్న ముఖ్యమైన సంగతి ఒకటి సామాన్య పాఠకుడికి అంతగా తెలియదు. బొగ్గులో అతి స్వల్పంగా ఉండే ఆర్సెనిక్, సెలీనియం, సీసం వంటి మూలకాలు కొలిమి వేడికి ఆవిరై, పొగ చల్లబడుతున్నకొద్దీ తిరిగి ఘనరూపంలోకి వచ్చి బూడిద రేణువుల పైపొరకు అంటుకుంటాయి. రేణువు ఎంత చిన్నదైతే దాని బరువుతో పోల్చినప్పుడు ఉపరితలం అంత ఎక్కువ కాబట్టి, సన్నని రేణువులకే ఈ మూలకాలు అధికంగా పడతాయి. 1974లో సైన్స్ పత్రికలో అమెరికా పరిశోధకులు ఈ విషయాన్ని కొలతలతో చూపారు. దీని పర్యవసానం తీవ్రమైనది: యంత్రాల నుంచి తప్పించుకునేవీ, ముక్కులోని వెంట్రుకలకు చిక్కకుండా ఊపిరితిత్తుల చివరి గాలితిత్తుల దాకా వెళ్లేవీ ఆ సన్నని రేణువులే. మీటరులో పది లక్షల వంతును మైక్రాన్ అంటారు; 2.5 మైక్రాన్ల లోపు రేణువులు ఘనమీటరు గాలిలో ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు దాటరాదని భారతీయ ప్రమాణం చెబుతుండగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన సూచికను 5కు తగ్గించింది. ఈ రెండు అంకెల నడుమ ఎనిమిది రెట్ల దూరం ఉంది. జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం 2019లో మొదలైనప్పుడు ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో విజయవాడ పేరు చేరింది. బూడిద చెరువు గట్ల మీద ఎండాకాలపు గాలి లేపే ధూళి, టార్పాలిన్ సరిగా కప్పని బూడిద లారీలు దారి పొడవునా రాల్చే పొడి ఇబ్రహీంపట్నం, కొండపల్లి వాసులకు ఏ పరిశోధనా పత్రమూ చదవకుండానే తెలుసు. వంటింటి గట్టు మీద తుడిచిన గంటకే మళ్లీ పేరుకునే ఆ బూడిదరంగు పొరలో ఏ మూలకం ఎంత ఉందన్నది మాత్రం వారికి తెలియజెప్పేవారు లేరు.

బూడిద నీటిలో పడ్డాక కథ మారుతుంది. రేణువు పైపొరలోని మూలకాలు నీటి ఆమ్లగుణాన్నిబట్టి కొద్దికొద్దిగా కరిగి దిగువకు ఊరతాయి. బొగ్గు కాలినప్పుడు ఆవిరయ్యే పాదరసం గాలిలో దూరాలు ప్రయాణించి వానతో దిగివస్తుంది. ప్రాణవాయువు లేని బురదలో కొన్ని బాక్టీరియాలు దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అది చేపల కండలో చేరి, వాటిని తిన్నవారి మెదడుకు చేరుతుంది. జపాన్‌లోని మినమాటలో 1956లో బయటపడిన సామూహిక విషబాధకు కారణం ఈ సమ్మేళనమే.

ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర మళ్లింపు కాలువ కృష్ణలో కలుస్తుంది. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల మొదలయ్యాక పోలవరం కుడి కాలువలో వచ్చే గోదావరి నీరూ ఈ దారినే కృష్ణను చేరుతోంది; ఆ చోటును పవిత్ర సంగమం అంటున్నారు. ఇక్కడి నుంచి ప్రకాశం బ్యారేజీ వరకు నిలిచి ఉండే నీరే విజయవాడకు తాగునీరు, తూర్పు పడమర డెల్టాలకు సాగునీరు.

వెలగలేరు నుంచి తూర్పుకు తిరిగిన పాత పాయ అజిత్ సింగ్ నగర్, పాయకాపురం పక్కగా, గుణదల, రామవరప్పాడు మీదుగా నగరపు మురుగును మోసుకుపోతుంది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో మళ్లింపు కాలువ కట్టకు గండ్లు పడి సింగ్ నగర్ పరిసరాలు రోజుల తరబడి నీట మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైనప్పుడు, అందరి దృష్టీ నీటి మట్టం మీదే నిలిచింది. వరద తగ్గాక ఇళ్లలో మిగిలిన అడుగు లోతు బురదను పారలతో ఎత్తి వీధిలో పోశారు. ఏళ్ల తరబడి ఏటి అడుగున పేరుకున్న పూడికలో కొంత కూడా ఆ బురదలో ఉంటుంది. లోహాలు, నూనెలు, పురుగుమందుల అవశేషాలు నీటిలో తేలుతూ ఎక్కువకాలం ఉండవు. అవి బంకమట్టి రేణువులకు, కుళ్లిన ఆకుల చెత్తకు అంటుకుని అడుగున దిగుతాయి. అందుకే ఏటి నీటిని సీసాలో పట్టి పరీక్షిస్తే ఆ రోజు సంగతి తెలుస్తుంది. అడుగు మట్టిని గొట్టంతో దింపి తీస్తే పొరపొరలో గడిచిన సంవత్సరాల లెక్క దొరుకుతుంది.

ఎనికెపాడు దగ్గర పంట కాలువ కింద కట్టిన సొరంగం గుండా బుడమేరు అవతలికి పోతుంది. స్థానికులు దాన్ని యూటీ అంటారు. అక్కడి నుంచి వరి పొలాలు, తరువాత చేపల చెరువులు. పొలాల నుంచి దిగే పురుగుమందుల్లో రెండు కుటుంబాలను వేరుచేసి చూడాలి. డీడీటీ, ఎండోసల్ఫాన్ వంటి ఆర్గానోక్లోరిన్లు నీటిలో కరగవు, కొవ్వులో కరుగుతాయి, మట్టిలో ఏళ్లు నిలుస్తాయి. నాచు నుంచి నత్తకు, నత్త నుంచి చిన్న చేపకు, చిన్న చేప నుంచి కొర్రమీనుకు పోయేకొద్దీ వాటి మోతాదు పెరుగుతుంది. రెండో కుటుంబమైన ఆర్గానోఫాస్ఫేట్లు త్వరగా విచ్ఛిన్నమవుతాయి గాని, నరాల సందేశాన్ని ముగించే ఎంజైమును అడ్డగించి అప్పటికప్పుడే ప్రాణం మీదికి తెస్తాయి. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో నిషేధించింది. అంతకుముందు చల్లినది మట్టిలో ఇంకెంత మిగిలిందన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు వెతకవలసిన చోటు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చినదంతా ఇక్కడ దిగుతుంది. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందిన ఈ సరస్సులోని చేపల కండలో పురుగుమందుల అవశేషాలను కొలిచిన అధ్యయనం 2001లో వెలువడింది. 2004లో ఎన్విరాన్‌మెంట్ ఇంటర్నేషనల్ పత్రికలో వచ్చిన మరో అధ్యయనం అడుగు మట్టిలోని లోహాలను, జనం తినే చేపల్లో అవి చేరిన తీరును కలిపి పరిశీలించింది. దాని పద్ధతి తెలుసుకోదగినది. మట్టిలో ఒక లోహం మొత్తం ఎంత ఉందో చెప్పినంత మాత్రాన ముప్పు తెలియదు. అది మట్టిని ఎంత గట్టిగా పట్టుకుని ఉందన్నది తేలాలి. అందుకోసం ఒకే మట్టి నమూనాను ముందు తేలికపాటి ద్రావణంతో, ఆపైన వరుసగా ఘాటైన ద్రావణాలతో కడుగుతూ, ఏ దశలో ఎంత లోహం వదిలిందో కొలుస్తారు. మొదటి కడుగుడులోనే వదిలేది చేపకు, మొక్కకు సులభంగా అందుతుంది. ఇనుము, మాంగనీసు తుప్పు పొరలకు అంటుకున్నది నీటిలో ప్రాణవాయువు తగ్గితే విడివడుతుంది. చివరి ఆమ్లానికి తప్ప లొంగనిది రాతి స్ఫటికంలో బందీ అయినట్టే. మేతతో, ఎరువుతో నిండిన చెరువుల అడుగున ప్రాణవాయువు తరుగుతుంది గనుక కొల్లేటిలో రెండో భాగం అసలు ఆందోళన కలిగించేది.

కొల్లేటి అంచునే ఏలూరు. కృష్ణ నీటిని బ్యారేజీ నుంచి ఏలూరు కాలువ ఈ ఊరికి తెస్తుంది. గోదావరి కాలువ మరో వైపు నుంచి వస్తుంది. 2020 డిసెంబరు 5 నుంచి కొద్ది రోజుల్లో ఇక్కడ 600 మందికి పైగా మూర్ఛ, స్పృహ తప్పడం, కళ్లు తిరగడం, వాంతులతో ఆసుపత్రి చేరారు. ఒకరి నుంచి ఒకరికి అంటలేదు. చాలామంది గంటల్లోనే తేరుకున్నారు. ఢిల్లీ ఎయిమ్స్‌కు పంపిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఎక్కువగా కనిపించాయి. జాతీయ పోషకాహార సంస్థ, జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి), కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందాలు వచ్చాయి. నెల సగం గడిచేసరికి నిపుణుల మొగ్గు పురుగుమందుల అవశేషాల వైపు తిరిగింది. కొన్ని ఆర్గానోక్లోరిన్లు మెదడులో ఉద్రేకాన్ని అణచే సంకేతాలను అడ్డుకుని మూర్ఛ తెప్పించగలవు కనుక ఆ అనుమానానికి ఆధారం ఉంది. కానీ ఏ ఆహారం ద్వారా, ఏ నీటి ద్వారా, ఏ రోజున అన్న ప్రశ్నకు అందరినీ ఒప్పించే జవాబు ప్రజల ముందుకు రాలేదు.

రాకపోవడానికి కారణం పరికరాల కొరత కాదు. రక్తంలోకి చేరిన సీసం నెల రోజుల్లో సగానికి తగ్గుతుంది, ఎముకల్లో దశాబ్దాలు నిలుస్తుంది. ఏలూరు రోగి రక్తంలో కనిపించిన సీసం ఆ వారం చేరిందా, అంతకుముందు నుంచే ఉందా అన్నది చెప్పాలంటే, నవంబరులో అదే వీధి ఆరోగ్యవంతుల రక్తంలో ఎంత ఉందో తెలియాలి. ఆ కొలత ఎవరూ తీసి ఉంచలేదు. రోగం వచ్చాక పరుగున వచ్చిన శాస్త్రవేత్తలను తప్పుపట్టడం అన్యాయం; రోగం రాకముందు కొలవని వ్యవస్థనే తప్పుపట్టాలి.

కొల్లేటి నీరు ఉప్పుటేరు గుండా బంగాళాఖాతానికి పోతుంది; అడుగున దిగినది మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. వెలగలేరు, ఇబ్రహీంపట్నం ఫెర్రీ, ఎనికెపాడు, కొల్లేటి ముఖం, ఈ నాలుగు చోట్ల ఏటా వేసవిలో ఒకసారి, వరద తీశాక మరోసారి అడుగు మట్టిని పరీక్షించడానికి, ఆ పక్క బడుల పిల్లల రక్తంలో సీసాన్ని తల్లిదండ్రుల అనుమతితో కొలవడానికి కొత్త శాస్త్రం కనిపెట్టనక్కర్లేదు. కాలుష్య నియంత్రణ మండలి, వైద్య ఆరోగ్య శాఖ చేతులు కలిపి ఆ కొలతలు ఇప్పుడే మొదలుపెట్టాలి, వాటి ఫలితాలను తెలుగులో సచివాలయాల గోడలకు అంటించాలి. ఇబ్రహీంపట్నం మొదలు ఏలూరు దాకా ఉన్న పౌరులు, పంచాయతీలు, ఉపాధ్యాయ సంఘాలు ఈ ఒక్క కోరికను వదలకుండా అడగాలి.