క్యూ కొనపై తోలుబిళ్ళ

సాధనం ఎంత చిన్నదో, అందులోని దోషం అంత పెద్ద ఫలితాన్నిస్తుంది. పూల్ క్రీడలో ఇందుకు తగిన దృష్టాంతం ఉన్నది. క్యూ కర్ర దాదాపు ఐదడుగుల పొడవుంటుంది. ఆ పొడవంతటిలో తెల్ల బంతిని స్పృశించేది మాత్రం కొనన అతికించిన తోలుబిళ్ళ ఒక్కటే. దీనినే క్రీడాకారులు 'టిప్పు' అంటారు. దాని వ్యాసం సాధారణంగా 12 నుండి 13 మిల్లీమీటర్లు. స్నూకర్ క్యూకైతే 9 లేదా 10 మిల్లీమీటర్లే. బంతితో దాని సంయోగం ఇంచుమించు సెకనులో వెయ్యోవంతు కాలమే నిలుస్తుంది. క్రీడాకారుని బహువర్షాల అభ్యాసమంతా ఆ క్షణలేశంలో, ఆ బిళ్ళ ద్వారానే బంతిని చేరవలసి ఉన్నది.

పూర్వం క్యూ కొన ఉత్త కొయ్యగానే ఉండేది. బంతి కేంద్రాన్ని తప్పించి కొడితే కర్ర జారేది. అందువలన బంతికి భ్రమణం కల్పించడం దుస్సాధ్యంగా ఉండేది. ఫ్రాన్సు దేశపు సైన్యాధికారి ఫ్రాన్స్వా మింగో పారిస్‌లో కారాగారవాసం చేస్తున్నప్పుడు తోలు కొనను పరిపూర్ణం చేశాడని ప్రసిద్ధి. 1807లో విడుదలైన అనంతరం ఆయన బంతిని ముందుకూ వెనుకకూ నడిపించి ప్రేక్షకులను విస్మయపరచాడు. 1827లో ఈ విద్యపై గ్రంథాన్ని ప్రకటించాడు. తరువాత 1897లో అమెరికాలో స్పింక్స్, హాస్కిన్స్ అనే ఇద్దరు నేటి చాక్‌కు మూలమైన మిశ్రమానికి పేటెంటు పొందారు. తోలు చాక్ పొడిని నిలుపుతుంది, పొడి ఘర్షణను పెంచుతుంది. ఒకటి లేనిదే రెండవది నిష్ఫలం.

ఇక ఎంపిక సంగతి. మృదువైన తోలు బంతిని గట్టిగా పట్టుకున్నట్లు తోస్తుంది, చాక్‌ను చక్కగా నిలుపుకొంటుంది. కాని త్వరగా అణగిపోయి, పుట్టగొడుగు వలె ప్రక్కలకు విప్పారుతుంది. కఠినమైన తోలు తన ఆకారాన్ని చాలాకాలం కాపాడుకొంటుంది. అయితే దాని ఉపరితలం నునుపుదేరి మెరుస్తుంది, చాక్ నిలవక జారుతుంది. ఒకే ముక్కగా అదిమిన బిళ్ళలు చవక, కాని ఒక బిళ్ళకూ మరొక బిళ్ళకూ సామ్యం తక్కువ. పలుచని పొరలను ఒకదానిపై నొకటి అతికించి చేసిన బిళ్ళలు ఖరీదైనవి, సమరూపమైనవి. కొత్తగా ఆడేవారికి మధ్యస్థమైన కాఠిన్యమే శ్రేయస్కరం. అతి మృదుత్వమూ, అతి కాఠిన్యమూ చేతి దోషమేదో సాధన దోషమేదో తెలియనీయవు.

ఆకారాన్ని నాణెంతో కొలుస్తారు. అమెరికాలో 'నికెల్' నాణెపు వంపును గాని, 'డైమ్' నాణెపు వంపును గాని ప్రమాణంగా గ్రహిస్తారు. వాటి వ్యాసాలు వరుసగా 21.2, 17.9 మిల్లీమీటర్లు. మన దేశంలో 2011 శ్రేణి రూపాయి నాణెం సుమారు 22 మిల్లీమీటర్లు గనుక నికెల్‌కు సన్నిహితం. నాణెపు అంచును బిళ్ళ ప్రక్కన ఆనించి చూసినపుడు రెండు వంపులూ ఏకమైతే చాలు. ఈ వంపుకు కారణం ఉన్నది. బంతి కేంద్రం నుండి దాని వ్యాసార్ధంలో సగం దూరం వరకే, అంటే సుమారు 14 మిల్లీమీటర్ల వరకే, కర్ర జారకుండా కొట్టడం సాధ్యం. ఆ అవధి సమీపంలో చదునైన బిళ్ళ అంచుతో తగులుతుంది. గుండ్రని బిళ్ళ మాత్రం తన వక్షంతోనే తగులుతుంది.

బిళ్ళను మార్చే విధానం ఇది. పాత తోలును కోసి, పాత జిగురును పూర్తిగా గీకి, ఫెర్రూల్ ముఖాన్ని చదును చేయాలి. ఆ ముఖం ఏమాత్రం వంకరైనా జిగురు నిలవదు. అతికించిన తరువాత అదిమి ఆరనివ్వాలి. ప్రక్కలను ఫెర్రూల్‌తో సమంగా కోసి, ఉప్పుకాగితంతో గుండ్రని వంపు తేవాలి. చివరకు ప్రక్కలను కొద్దిగా తడిపి తోలుముక్కతో గట్టిగా రుద్దితే అవి బిగుసుకొని విప్పారడం తగ్గుతుంది.

జంతుచర్మమని సంకోచించే భక్తులకు ఒక మాట. మృదంగపు నాదమూ చర్మం నుండే పుడుతుంది. తోలు లేని ఫినోలిక్ కొనలు ఉన్నా, అవి ప్రధానంగా తొలి దెబ్బ కోసమే. అతి కఠినమై చాక్‌ను నిలపవు గనుక భ్రమణానికి అనువు కావు. ఈ లాభనష్టాలను ఎరిగి ఎవరి నిర్ణయం వారు చేసుకోవలసినదే.

అసలు పరీక్ష పోటీకి ముందురోజు రాత్రి వస్తుంది. బిళ్ళ మెరుస్తున్నది, ఒకటి రెండు దెబ్బలు జారినవి. క్రీడాకారుడు భయపడి ఉప్పుకాగితం అందుకొంటాడు. కొంచెం గీకుతాడు, చాలదనిపించి మళ్ళీ గీకుతాడు. వంపు కుదిరేసరికి తోలు పలుచబడి ఫెర్రూల్ సమీపిస్తుంది. అప్పుడు కొత్త బిళ్ళ వేస్తే అది అణగి స్థిరపడేందుకు ఇంకా ఎంతో ఆట కావాలి, తెల్లవారితే ఆ వ్యవధి ఉండదు. వివేకి ఆ రాత్రి ఉపరితలాన్ని మాత్రమే స్వల్పంగా గరుకు చేసి, చాక్ పూసి, కర్రను ప్రక్కన పెడతాడు. బిళ్ళను మార్చవలసివస్తే ముందుగానే మార్చి ఉంటాడు. గీకివేసిన తోలు మళ్ళీ పెరగదు.