మా మండ్వా

హిందూపురంలో ఏ వీధిలో షామియానా లేచినా దారిన పోయేవాడు ముందు గుంజల వైపు చూస్తాడు. గుంజలకు అరటిచెట్లు, వాకిలికి మామిడాకులు కట్టి ఉంటే పెళ్లి. ఏమీ లేకుండా బోసిగా ఉంటే చావు. గుడ్డ అదే, కుర్చీలు అవే, అద్దెకిచ్చే సప్లయర్స్ అంగడీ అదే. నవ్వుతూ లోపలికి పోవాలో, తల వంచుకుని పోవాలో ఆ ఆకే చెబుతుంది.

ఈ లిపి ఊళ్లో అందరికీ వచ్చు. మాకూ వచ్చు. మా ఇళ్లల్లో పందిరిని మండ్వా అంటాం. మండపం అనే మాటకు తోబుట్టువది. పెళ్లి పెట్టుకున్న ఇంట్లో మొదట అడిగే ప్రశ్న 'మండ్వా ఎప్పుడు వేస్తాండారు?' అనే. నిన్నమొన్నటి దాకా ఆ మండ్వాకు ఆకు కట్టాలా వద్దా అని ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నారు.

మా అక్క కూతురికి ధర్మవరం సంబంధం కుదిరింది. మాది హిందూపురం. రైలుదారిలో రెండు ఊళ్లకూ మధ్యన పెనుకొండ. పిల్ల బడిలో టీచరు. "మామూ, షాదీఖానా వద్దు. నాలుగ్గోడల మధ్య ఉక్కపోసుకుంటూ కూర్చోలేను. నా పెండ్లికి ఆకాశం కనపడాల" అంది. పెనుకొండ దగ్గర తెలిసిన రైతుకు చింతతోపు ఉంది. అక్కడే అనుకున్నాం. బాబయ్య దర్గా ఉన్న ఊరు కదా, మా అమ్మీ వెంటనే ఒప్పుకుంది.

ఆరుబయట పెళ్లికి ముందు చూడాల్సింది వాన, గాలి. వాన సంగతికి భయం లేదు. పాత అనంతపురం జిల్లాలో ఏడాదంతా కలిపి పడేది దాదాపు 550 మిల్లీమీటర్లు. కరువు మా సీమకు ఏమిచ్చిందయ్యా అంటే, ఆకాశం కింద పెళ్లి చేసుకునే ధైర్యం ఇచ్చింది. గాలి అట్ల కాదు. ఆషాఢంలో పెనుకొండ కొండల మీంచి దిగే గాలికి షామియానా తెరచాప అవుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు.

ఇక నెల. మా చాంద్రమానానికి అధికమాసం లేదు. ఏడాదికి దాదాపు 11 రోజులు వెనక్కి జరుగుతూ, 33 ఏళ్లకు అన్ని ఋతువులూ చుట్టి వస్తుంది. అందుకే మా పెళ్లిళ్లకు ఫలానా కాలమని లేదు. మొహర్రం, రంజాన్ తప్పిస్తే చాలు. సప్లయర్స్ అంగడి గోడకు రెండు కేలండర్లు ఉన్నాయి, ఒకటి పంచాంగం, ఇంకోటి ఉర్దూది. "మూఢంలో మీరు, మొహర్రంలో మేము. లేకుంటే నా గుడ్డలు ఎలకలు కొట్టేస్తాయి సార్" అన్నాడు యజమాని. ముహూర్తాలు లేని రోజుల్లో అద్దె బాగా దిగుతుంది. చలికాలంలో మూఢం వచ్చింది, గాలి కూడా తక్కువ. అట్ల, పంచాంగంలో ముహూర్తం లేని రోజు వెతికి మా ముహూర్తం పెట్టుకున్నాం. ఇంతకన్నా పెద్ద పొత్తు ఏముంటుంది?

రుఖా అచ్చు వేయించాం. ఒక పక్క ఉర్దూ, కుడి నుంచి తెరుచుకుంటుంది. రెండో పక్క తెలుగు, ఎడమ నుంచి. పైన 786. రెండు వైపులా ప్రూఫులు దిద్దింది నేనే. బీయే చదివి విలేకరి అయినందుకు ఇంట్లో నాకు దక్కే గౌరవం అదొక్కటే.

డెకరేషన్ మాట్లాడటానికి బెంగుళూరు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఫోనులో బొమ్మలు చూపించాడు. అట్టతో చేసిన గుమ్మటాలు, కమాన్లు, నెలవంక, ఆకుపచ్చ గుడ్డలు. "ముస్లిం థీమ్ సార్. మొఘల్ దర్బార్. మూడు లక్షలు." మా అబ్బా జీవితంలో ఢిల్లీ చూడలేదు. ఆయన మనవరాలిని మొఘల్ దర్బార్లో ఎందుకు కూర్చోబెట్టాలి? "అరటిచెట్లు, మామిడాకులు కడతారా?" అని అడిగాను. "అది హిందూ ప్యాకేజీ సార్" అన్నాడు.

ఆ కుర్రాడు కూర్చున్న చోటు నుంచి కొద్ది దూరంలోనే పెనుకొండ గగన్ మహల్ ఉంది. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండను రాజధాని చేసుకున్నారు. ఆ రాజుల మహలుకు ఉన్నవి కమాను ద్వారాలే. అతను నాకు ముస్లిం సరుకని అమ్మజూపిన కమానును విజయనగర రాజులు ఏనాడో తమ ఇంటికి పెట్టుకున్నారు. వాళ్లను ఏ ప్యాకేజీ అని ఎవరూ అడగలేదు.

రెండోవాడు మా చెల్లెలి భర్త. కొన్నేళ్లు కువైట్లో ఉండి వచ్చాడు. మంచి మనిషి. నా కష్టాల్లో అడక్కుండా డబ్బు పంపినవాడు. "భాయ్, ఆకులు కట్టడం వాళ్ల ఆచారం. మనది కాదు. కడితే నేను భోజనానికి కూర్చోను" అన్నాడు. కోపంగా కాదు, బాధగానే అన్నాడు.

మూడోది మా ఆఫీసులో తోటి విలేకరి. పదేళ్లుగా పక్కపక్క కుర్చీల్లో ఉన్నాం. సంగతి చెబితే ఆశ్చర్యపోయాడు. "మీరూ మామిడాకులు కడతారా!" అన్నాడు. మెచ్చుకుంటున్నట్టే అన్నాడు. నేను ఏదో అప్పు తెచ్చుకుని తీర్చని మనిషిలా నిలబడ్డాను.

ముగ్గురికీ ఒకరంటే ఒకరు తెలియదు. ముగ్గురూ కలిసి నా గుమ్మానికి ఒకటే గీత గీశారు. మా ఊరి పేరు సంగతీ ఇట్లాంటిదే. హిందూపురం నా ఊరంటే బయటివాళ్లు నవ్వుతారు, ఆ ఊళ్లో సాయిబులు కూడా ఉంటారా అని. మరాఠా సర్దారు మురారిరావు తన తండ్రి హిందోజీరావు పేరున కట్టించిన ఊరని చెబుతారు. ఒక తండ్రి పేరు ఊరిపేరయింది. ఇప్పుడు వినేవాళ్లకు అది మతం పేరుగా వినిపిస్తోంది. మామిడాకుకూ అదే జరుగుతోంది.

నికాహ్‌కు కావలసినవి కొన్నే. ఇద్దరి ఒప్పుకోలు, సాక్షులు, మెహర్. అలంకరణ ఊసు అందులో లేదు. కానీ నికాహ్ చాటుమాటుగా జరగకూడదు, నలుగురికీ తెలియాలి అన్నది మాత్రం దీన్ తెలిసిన ప్రతివాడూ చెప్పే మాట. మా వీధిలో నలుగురికీ తెలియాలంటే ఏ భాషలో చెప్పాలి? మా అమ్మీని అడిగితే తమలపాకు నములుతూ ఒక్క ముక్కలో తేల్చేసింది. "పత్తే నై బాంధే తో లోగాం మౌత్ కా మండ్వా సమజ్ కో రోతే ఆతే." ఆకులు కట్టకపోతే చావు పందిరనుకుని జనం ఏడ్చుకుంటూ వస్తారట.

మన ఏలూరు మనిషి జాఫర్ షరీఫ్ దక్కన్ ముస్లింల ఆచారాల మీద 'ఖానూనె ఇస్లాం' రాశాడు. అది 1832లో ఇంగ్లీషులో అచ్చయింది. పెళ్లిలో పసుపు, మెహందీ, ఇచ్చిపుచ్చుకోవడాలు, అన్నీ వివరంగా ఉన్నాయందులో. దాదాపు రెండు వందల ఏళ్ల కిందటే మా పెళ్లి ఇట్ల ఉంది. కొత్తగా నేర్చుకున్నది కాదు, ఎవరినో మెప్పించడానికి తెచ్చిపెట్టుకున్నదీ కాదు.

అయినా నేను ఆకు కోసం పట్టుబట్టింది పుస్తకం చూసి కాదు. మా అక్క పెళ్లి 1993 జనవరిలో జరిగింది. అంతకు నెల ముందు, 1992 డిసెంబర్ 6న, బాబ్రీ మసీదు కూల్చారు. నాకప్పుడు పన్నెండేళ్లు. ఈ ఏడు వీధిలో మండ్వా వద్దు, ఇంట్లోనే చప్పుడు లేకుండా కానిద్దామని చుట్టాలందరూ అన్నారు. అబ్బా రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు వీధిలోనే గుంజలు పాతించాడు. తెల్లారి లేచేసరికి ఎదురింటి శెట్టిగారు భుజాన మామిడి కొమ్మలతో నిలబడి ఉన్నారు. ఎవరూ పిలవలేదు. నిచ్చెన పట్టుకోమని నన్నే అన్నారు. ఆయన ఎక్కి ఆకులు కడుతుంటే అబ్బా వాకిట్లో నిలబడి చూస్తూ ఉన్నాడు. ఇద్దరూ మసీదు మాట ఎత్తలేదు, గుడి మాట ఎత్తలేదు. ఆకులు సమంగా వచ్చాయా లేదా అన్నదే మాట్లాడుకున్నారు.

ఆ ఆకు తీసేస్తే నా ఈమాన్ ఏమీ పెరగదు. ఎదురింటాయన మా నిచ్చెన ఎక్కడానికి ఉన్న పని మాత్రం పోతుంది. ఊరూరా షాదీఖానాలు వచ్చాయి. పేదవాడికి మేలే జరిగింది, కాదనను. కానీ గోడల మధ్య పెళ్లికి రుఖా అందినవాడే వస్తాడు. వీధి మండ్వాలోకి దారిన పోయేవాడూ వచ్చి షర్బత్ తాగి పోయేవాడు.

పిల్లకు ఇంకో పట్టుదల ఉంది. జనానా వైపు ఎప్పుడూ మందపాటి గుడ్డ కట్టి చీకటి చేస్తారు. గాలి, వెలుతురు మగవాళ్ల వైపు. "ఆకాశం నాక్కూడా కావాల అన్నాను కదా మామూ" అంది. చివరికి గుడ్డకు బదులు పూలదండల పరదా కట్టాం. బంతి, చేమంతి, మధ్యలో కనకాంబరం, పైనుంచి కింది దాకా దగ్గర దగ్గరగా. పరదా పరదాగానే ఉంది, గాలి వస్తోంది. పూలు కట్టిన ఆడవాళ్లలో మావాళ్లూ ఉన్నారు, వేరేవాళ్లూ ఉన్నారు. ముసలి ఖాలాలు కూడా ఆ రోజు విసనకర్ర అడగలేదు.

పిల్ల కట్టుకుంది ధర్మవరం పట్టుచీర. రైతులు పెంచిన పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్లో వేలానికి వస్తాయి. వాటిని వేడినీళ్లలో వేసి దారం తీసే రీలింగ్ పనిలో మావాళ్లు చాలామంది. ఆ దారం ధర్మవరం మగ్గాల మీదికి పోతుంది. అంచుకు నేసే లతలు, పూలు లేపాక్షి లతామండపం స్తంభాల మీద చెక్కినవి. అదే గుడిలో శివపార్వతుల కల్యాణమండపం పూర్తికాలేదు. స్తంభాలు నిలబడే ఉన్నాయి, పైకప్పు లేదు. మా ప్రాంతంలో అన్నింటికన్నా పాత ఆరుబయట పెళ్లిపందిరి అదే అనుకుంటాను. ఈ చీర దారాన్ని ఏ ప్యాకేజీలో వేస్తారో ఆ డెకరేటర్ కుర్రాడే చెప్పాలి.

పెళ్లినాడు తెల్లవారుజామున ట్రాక్టర్ ట్యాంకర్ తెచ్చి దుమ్ము లేవకుండా తోపంతా నీళ్లు చల్లించాం. బిర్యానీ దేగ్‌లు గాలివాలు చూసి కిందివైపు పెట్టించాం. పైవైపు శాకాహారుల వంట, ఓళిగలు, వేరే వంటమనిషి. చింతచెట్ల మధ్య దీపాల తోరణాలు. వాకిలికి అరటిచెట్లు, మామిడాకులు. శెట్టిగారు లేరిప్పుడు. ఆయన కొడుకు కొమ్మలు కారులో వేసుకుని హిందూపురం నుంచి వచ్చాడు.

మా చెల్లెలి భర్త కూడా వచ్చాడు. నికాహ్ అయ్యేదాకా ముందు వరసలోనే కూర్చున్నాడు. దువా చేశాడు. పెళ్లికొడుకును గట్టిగా హత్తుకున్నాడు. తర్వాత భార్యాపిల్లలను తీసుకుని, చెప్పిన మాట ప్రకారం, భోజనం చేయకుండా వెళ్లిపోయాడు. అమ్మీ ఒక డబ్బాలో బిర్యానీ కట్టించి వాళ్ల కారు దాకా పరుగెత్తింది. అందుకున్నది మా చెల్లెలు, తలెత్తకుండా.

వారం తర్వాత చెల్లెలు ఫోన్ చేసింది. తన కూతురు ఇప్పుడు డిగ్రీ ఆఖరి ఏడు. "రెండేళ్లలో దీనికీ చేయాల భాయ్. ఇది కూడా తోపులోనే కావాలంటాంది" అంది. మండ్వా సంగతేమిటని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "ఆయనతో నువ్వే మాట్లాడాల" అంది.

మాట్లాడాలి. ఈ రంజాన్‌లో ఇఫ్తార్‌కు పిలిచాను. వస్తానన్నాడు.