ధమ్మఖేత్తలో ఆఫీసు మనుషులు

వనస్థలిపురం దాటి నాగార్జునసాగర్ రోడ్డు పట్టుకుంటే కుసుమనగర్ దగ్గర వస్తుంది ధమ్మఖేత్త. 1976 నుంచీ నడుస్తున్న విపశ్యన కేంద్రం. సత్యనారాయణ గోయెంకా మన దేశంలో నెలకొల్పిన తొలి కేంద్రాల్లో ఇదొకటి. నేను చేరిన సాయంత్రం పది రోజుల శిబిరానికి వచ్చినవాళ్లలో చాలామంది ఉద్యోగస్తులేనని వరుసలో నిలబడగానే తెలిసిపోయింది. ఫోన్లు అప్పగించే ముందు చివరిసారిగా వాళ్లు చూసుకున్నది ఆఫీసు మెయిలే.

రుసుం లేదు. ఇంతకుముందు శిబిరం చేసినవాళ్ల దానాలతోనే మన తిండీ వసతీ గడుస్తాయి. దరఖాస్తు మాత్రం వివరంగా ఉంటుంది. మానసిక సమస్యలేమైనా ఉన్నాయా, మందులు వాడుతున్నారా అని అడుగుతారు. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవాళ్లకి ఈ శిబిరం తగదని కేంద్రమే చెబుతుంది. మనవాళ్లలో సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడి ధ్యానానికి వచ్చేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ముందు వైద్యం చేయించుకోవాలి. ధ్యానం సంగతి డాక్టరుని అడిగాకే.

మొదటి రాత్రి హాల్లో కూర్చోబెట్టి ముందుగా ఇచ్చింది పంచశీల. ప్రాణం తీయను, దొంగిలించను, తప్పుడు సంబంధాలకు పోను, అబద్ధమాడను, మత్తు ముట్టను. శ్వాస ఆ తర్వాతే. అప్పటి నుంచి ఆర్యమౌనం. మాటే కాదు, సైగ కూడా కూడదు. నోరు తెరిస్తే ఏదో ఒక అబద్ధమో అతిశయోక్తో దొర్లుతుంది కనుక, మౌనంలో ఉంటే నాలుగో శీలం తనంతట తానే నిలుస్తుందని దాని వెనక ఆలోచన. ఆ రాత్రి దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు. శిబిరం ముగిసే నాటికి అన్నిటికంటే ముఖ్యమైనది అదేనేమో అనిపించింది.

తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. నాలుగున్నరకి ధ్యానం మొదలు. పదకొండింటికి భోజనం, సాయంత్రం ఐదింటికి టీ, పండు. రాత్రి రికార్డు చేసిన గోయెంకా ప్రవచనం. తెలుగులో కావాలంటే తెలుగులోనే వినొచ్చు. పుస్తకం, పెన్ను రెండూ నిషిద్ధం కనుక ఇదంతా జ్ఞాపకం మీద రాస్తున్నదే.

మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరి వచ్చిపోవడం చూడడమే పని. చూస్తూ కూర్చుంటే నాకు గుర్తొచ్చింది పాత ఉద్యోగం. ఎప్పుడో ఒక పై అధికారికి చెప్పకుండా మింగేసిన జవాబులన్నీ ఒక్కొక్కటీ లేచి వచ్చాయి. నాలుగో రోజు అసలు విపశ్యన నేర్పారు. తల నుంచి పాదాల దాకా ఒంట్లో ఎక్కడ ఏం తెలుస్తోందో ఒక్కో భాగమే చూసుకుంటూ పోవాలి. నొప్పి ఉంటే నొప్పి, చిమచిమ ఉంటే చిమచిమ. ఇష్టపడకూడదు, కసురుకోకూడదు. ఆ తర్వాత గంటసేపు కళ్లు తెరవకుండా, చేతులూ కాళ్లూ కదపకుండా కూర్చునే అధిష్ఠానాలు. అలాంటి ఒక గంటలో ఆ అధికారి మళ్లీ గుర్తొచ్చాడు. దవడ బిగుసుకుంది, ఛాతీలో వేడి లేచింది. కోపం అన్న ఆలోచన ఇంకా పూర్తిగా రూపు కట్టనే లేదు, ఒళ్లు అప్పుడే సిద్ధమైపోయింది. మెయిలు చదివి దాని మీద కోపం వచ్చిందనుకుంటాం. నిజానికి చదవగానే ఛాతీలో లేచిన ఆ మంటని ఓర్చుకోలేక జవాబు కొడతాం. మంటని కాసేపు ఊరికే చూస్తే అదే మారిపోతుంది. ఆఫీసులో పనికొచ్చే విద్య అంటూ ఉంటే ఇదే.

ఈ విద్య ఆఫీసు మీదుగానే మన దాకా వచ్చింది. గోయెంకా 1924లో మాండలేలో పుట్టిన వ్యాపారి. మార్ఫిన్ తీసుకోవలసి వచ్చేంత పార్శ్వపు నొప్పితో బాధపడి 1955లో రంగూన్‌లో సయాజీ ఊ బా ఖిన్ దగ్గరికి వెళ్లాడు. ఊ బా ఖిన్ సన్యాసి కాదు, స్వతంత్ర బర్మాకి అకౌంటెంట్ జనరల్. ఆయనకి నేర్పిన సయా థెట్‌జీ రైతు. ఊ బా ఖిన్ తన కార్యాలయంలోనే సిబ్బందికి ధ్యానం నేర్పాడు. ఒకేసారి కొన్ని ప్రభుత్వ శాఖల బాధ్యతలు మోశాడు. ధ్యానం నేర్పిన ఆ కార్యాలయం లెక్కలు చూసేది. అక్కడ ధ్యానం చేసేవాడు పొద్దున కళ్లు మూసుకుని మధ్యాహ్నం దొంగ లెక్క మీద సంతకం పెట్టలేడు.

ఇప్పుడు కంపెనీల్లో మైండ్‌ఫుల్‌నెస్ పేరుతో జరిగేదానికి మూలం వేరేచోట ఉంది. 1979లో అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో జాన్ కబాట్-జిన్ బౌద్ధ ధ్యానాన్ని మతంతో పని లేకుండా ఎనిమిది వారాల శిక్షణగా మలిచాడు. ఆసుపత్రుల్లో దీర్ఘకాలపు నొప్పులతో నలిగే రోగులకి అది నిజంగా మేలు చేసింది. అక్కడి నుంచి ఆఫీసులకు చేరేసరికి చాలాచోట్ల అరగంట సెషన్‌గా, ఫోనులో ఒక యాప్‌గా మిగిలింది. శ్వాస వచ్చింది, శీలం రాలేదు. బుద్ధుడు చెప్పిన ఎనిమిది అంగాల మార్గంలో సమ్యక్ స్మృతితో పాటు సమ్యక్ వాక్కు, సమ్యక్ ఆజీవం కూడా ఉన్నాయి. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్‌ని జబ్బుగా కాక పనికి సంబంధించిన స్థితిగా వర్గీకరించింది. పనిచోటులో పుట్టినదానికి మనిషి ఊపిరిలో మాత్రమే మందు వెతికితే అది న్యాయం కాదని నా నమ్మకం.

పదో రోజు పొద్దున అందరి మేలూ కోరే మైత్రీ భావన అయ్యాక మౌనం విడిచారు. గలగలా మాటలు. భోజనాల దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ టెస్టర్ అమ్మాయి నా పక్కన కూర్చుంది. గచ్చిబౌలిలో ఉద్యోగం. ఏడాదిగా సరిగ్గా నిద్ర లేదట, ఇక్కడ మూడో రాత్రికి పట్టిందట.

"పని ఎక్కువై అనుకున్నా అక్కా ఇన్నాళ్లూ," అంది. "ఇక్కడ కూర్చుంటే నాకు పని గుర్తు రాలేదు. సోమవారం స్టేటస్ మీటింగే గుర్తొచ్చింది. పని అయిపోలేదని అందరికీ తెలుసు. అయినా గ్రీన్ అనే పెడతాం. ఆ మాట అనేముందు ప్రతిసారీ ఇక్కడ పట్టేస్తది," అని గొంతు కింద చెయ్యి పెట్టుకుంది.

"మరి ఈ సోమవారం?"

"రెడ్ అని పెడతా. లీడ్ అరుస్తాడు. అరవనీ." కాసేపు ఆలోచించి, "ఒక్కదాన్నే పెడితే నన్నే అంటారు. మా టీములో ఇంకో ఇద్దరితో ముందే మాట్లాడాలక్కా," అని, ఫోన్లు ఎప్పుడిస్తారో కనుక్కోవడానికి లేచింది.